మీనంలో సూర్యుడు, బూటులో పాదం

ఆ వీధిలో బూట్లు కుట్టే ఆయనకు అందరూ పెట్టిన పేరు ఊఁ గారు. పెట్టినవాళ్లను తప్పు పట్టడానికి లేదు. వాన పడేట్టుంది కదండీ అంటే ఊఁ అంటాడు. మీ కొట్టుకి నిప్పంటుకుందండీ అన్నా ముందు ఊఁ అని, ఆ తరవాతే బకెట్టు కోసం చూసే రకం. నలభై ఒకటి నిండబోతున్నాయి. మాటలు రావని కాదు. ఆయన మాట కూడా తోలులాంటిదే. నానాలి, సాగాలి, ఆరాలి. అంతలో అవతలివాళ్లు ఇంటికి వెళ్లిపోయేవారు.

ఆయన వంతు కూడా కలిపి మాట్లాడటానికి అక్క ఉంది. రెండు వీధుల అవతల కాపురం. బావను పనికి సాగనంపి పొద్దున్నే వచ్చి, కొట్టులో మిషను ముందు కూర్చుని బూట్ల పైతోళ్లు కుడుతుంది. కుడుతూ జాతకాలు చెబుతుంది. పుట్టినరోజు చెప్పకుండా ఆ గడప దాటి బయటపడ్డవాళ్లు లేరు.

"కాలపురుషుడి ఒంట్లో ఒక్కో రాశీ ఒక్కో అవయవం అండీ. మేషం తల. అక్కణ్ణుంచి దిగుకుంటూ వస్తే ఆఖరిది మీనం, పాదాలు. మావాడు పుట్టినప్పుడు సూర్యుడు మీనంలో ఉన్నాడు. పదిమంది కాళ్లూ పట్టుకుని బతకరా అని అప్పుడే చెప్పి పంపాడు. ఆ ఇంటి యజమాని గురుడు. గ్రహాలన్నిట్లోకీ లావాటివాడు, చెయ్యి పెద్దది. అందుకే వీడు కుట్టిన బూటులో మీ బొటనవేలు కాలు మీద కాలు వేసుకు కూర్చోవచ్చు."

ఇందులో గ్రహాల సంగతి ఎలా ఉన్నా, బూటు సంగతి నిజం. ఇరవై ఏళ్లలో ఆయన బూటు ఎవరినీ కరవలేదు.

ఆ వీధికి ఉత్తరాలు తెచ్చే ఆవిడ మీద ఊఁ గారికి మనసు పడి రెండేళ్లయింది. ఎవరికీ చెప్పలేదు. ఆయనకు ఉత్తరాలు రాసేవాళ్లు లేరు కనక తోలు అమ్మే తొమ్మిది కంపెనీలకి తనే కార్డులు రాసి, ధరల జాబితాలు పంపమన్నాడు. వాళ్లు పంపుతూనే ఉన్నారు. వారానికి రెండు మూడుసార్లు గుమ్మం దగ్గర "బూట్లాయనా, ఉత్తరం!" అని వినిపిస్తుంది. ఊఁ అంటాడు. ఆవిడ వెళ్లిపోతుంది. ఆ పూట ఆయన కొట్టే మేకులన్నీ కాస్త వంకరగా దిగుతాయి.

మూలన కట్టలు కట్టలుగా పడున్న కవర్లు ఒకరోజు అక్క కంటబడ్డాయి. ఒక్కటీ చింపలేదు. అక్క కవర్ల వంక చూసింది, తమ్ముడి వంక చూసింది, గుమ్మం వంక చూసింది. మిషను ఆపేసింది. ఆ మిషను పగలు ఆగడం అరుదు.

"ఒరేయ్, నాతో ఒక్క మాటైనా అనలేదేంరా!"

"ఊఁ."

"సరే, విను. సూర్యుడు మీనంలోకి వచ్చి వారం దాటింది. ఇది నీ నెల. ఇందులో ఇంకా గురువారాలు నాలుగున్నాయి. గురువారం పొద్దు పొడిచాక మొదటి గంట గురుడిది. మళ్లీ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి దాకా ఆయనదే. ఆ గంటలో నోరు తెరిచి అడిగెయ్. ఈ నెల దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. అప్పటికి ఆవిణ్ణి ఏ వీధికి మారుస్తారో, ఎవడు అడిగేస్తాడో."

"ఏమని?"

అక్క నెత్తి కొట్టుకుంది. "ఏమనేమిట్రా! 'నన్ను మీరు పెళ్లి చేసుకుంటారా' అని. లెక్కపెడితే నాలుగు మాటలు. వారానికొకటి చెప్పినా సరిపోతాయి!"

అక్క ఎగతాళికే అంది. తమ్ముడికి మాత్రం అది మనిషి చెయ్యగలిగిన పనిలాగే కనిపించింది.

మొదటి గురువారానికి అక్కే ఏర్పాటు చేసింది. ఆవిణ్ణి వీధిలో పట్టుకుని, "ఆ బూట్లేమిటమ్మా, మడమ దగ్గర నోరు తెరుచుకున్నాయి. మావాడు కుడతాడు. గురువారం ఆరున్నరకి ఆఫీసుకి వెళ్తూ రా" అంది. ఇది ఆ కొట్టులో ఎప్పుడూ లేని పద్ధతి. పాదం పొద్దుటికీ సాయంత్రానికీ ఒకలా ఉండదు, నడిచిన కొద్దీ ఉబ్బుతుంది. అందుకే వాళ్ల నాన్న పొద్దు వాలితే గాని కొలత తీసేవాడు కాదు. అయినా గురుడి గంట ముందు నాన్న మాట నిలవలేదు.

ఆవిడ వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఊఁ గారు కింద కూర్చుని కొలతల పుస్తకం తీశాడు. అది నాన్న నాటి పుస్తకం. దానికొక నియమం ఉంది. ఒక ఇంటికి ఒక పేజీ. పైన చిరునామా, కింద ఆ ఇంట్లో అందరి పాదాల గీతలూ, పెద్ద పాదంలో చిన్న పాదం. కోడలు వస్తే ఆమె పాదం ఆ పేజీలోకి వస్తుంది. కూతురు పెళ్లై వెళితే వేరే పేజీకి వెళుతుంది. అక్క పాదాలు అలాగే వెళ్లాయి. ఊఁ గారి ఇంటి పేజీలో నాన్న పాదం, అమ్మ పాదం, ఆయన పాదం ఉన్నాయి. పక్కన బోలెడు ఖాళీ ఉంది.

"నన్ను..." అన్నాడు ఊఁ గారు.

మిషను దగ్గర అక్క సూది ఆగింది.

"మిమ్మల్ని?" అంది పోస్టావిడ.

"...కొలవనివ్వండి."

ఆవిడ ఎడమ కాలు పెట్టింది. ఆయన పెన్సిలు పట్టుకుని మడమ దగ్గర మొదలుపెట్టాడు. ఆ పాదం ఎండకి, దుమ్ముకి, మెట్లకి అలవాటుపడ్డ పాదం. చిటికెన వేలు కాస్త లోపలికి ఒదిగి, పక్క వేలి చాటున చుట్టంలా కూర్చుంది. గీత ఆ చిటికెన వేలిని చుట్టి వస్తుండగా ఊఁ గారు పేజీ పైన ఉన్న చిరునామా చూశాడు. గుండె జారి బూటులో పడ్డట్టయింది. అది ఖాళీ పేజీ కాదు, తన ఇంటి పేజీ. తెరిచేటప్పుడు చేతులు ఏం చేశాయో ఆయన చూసుకోలేదు.

చటుక్కున పుస్తకం మూసేసి, కుడి కాలు విడి కాగితం మీద గీశాడు. ఆవిడ సంచి తగిలించుకుని వెళ్లిపోయింది.

తరవాత చెరిపేద్దామని రబ్బరు తీశాడు. చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. ఆ రబ్బరుతో ఇంకేదో చెరిపి, పెట్టెలో పెట్టేశాడు.

రెండో గురువారానికి బూట్లు తయారు. గోధుమరంగువి, మెత్తటి తోలువి, వేళ్ల దగ్గర గురుడి చెయ్యంత వెడల్పువి. ఆవిడ తొడుక్కుంది.

"మీరు..." అన్నాడు.

"నేను?"

"...నడవండి."

నడిచింది. గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చింది. బాగున్నాయంది. మర్నాడు మధ్యాహ్నం ధరల జాబితా ఇస్తూ, "బూట్లాయనా, ఎడమది కరుస్తోంది" అంది.

ఎదురుగా మంగలి కొట్టులో సగం గడ్డంతో కూర్చున్నాయన అది విన్నాడు. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. ఊఁ గారి బూటు కరిచిందట! జనం పనిలో పనిగా వచ్చి పలకరించి పోయారు. రొట్టెల కొట్టామె అయితే, "ఒంట్లో బావుందా బాబూ?" అని నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. ఊఁ గారు బూటులో తన వేళ్లు పెట్టి వెతికాడు. చెంచా పెట్టి వెతికాడు. చివరికి ఎలక్ట్రిక్ దీపం దించి లోపలికి చూశాడు. అతుకు లేదు, మడత లేదు. పొద్దుటి కొలత పెట్టిన చిచ్చే అయ్యుంటుందని, నాన్నకి మనసులో దణ్ణం పెట్టి, ఎడమది ఒక నూలుపోగంత వదులు చేశాడు.

మూడో గురువారం ఆవిడ ఆరున్నరకే వచ్చింది. తొడుక్కుంటూ, ఏదో వినబోతున్నట్టు తల ఒకవైపు వాల్చింది.

"పెళ్లి..." అన్నాడు ఊఁ గారు.

అక్క చేతిలో కత్తెర కింద పడింది. ఆ చప్పుడుకి ఆయన ధైర్యం చెదిరి తలో దిక్కుకీ పోయింది.

"...బూట్లు కూడా కుడతాం."

"ఓహో" అంది పోస్టావిడ. పెదాలు గట్టిగా బిగించుకుంది. "ఎవరైనా అడిగితే చెబుతాను లెండి." గబగబా వెళ్లిపోయింది. శుక్రవారం వచ్చి, ఈసారి కుడిది కరుస్తోందంది.

నాలుగో గురువారం ఆరున్నర అయింది, ఏడయింది, ఆవిడ రాలేదు. అక్క గుమ్మానికీ మిషనుకీ మధ్య దారి అరగదీసింది.

"మధ్యాహ్నం రెండింటికి సూర్యుడు మీనం దాటేస్తాడు. ఒంటిగంట నుంచి రెండు దాకా గురుడి గంట. అదే ఆఖరిది. ఒరేయ్, ఆ మిగిలిన మాట నోట్లో సిద్ధంగా పెట్టుకో."

"చేసుకుంటారా" అన్నాడు ఊఁ గారు, సుత్తికి.

"నాకు కాదు, సుత్తికీ కాదు. ఆవిడకి!"

ఒంటిగంట నలభైకి ఆవిడ వచ్చింది, ఖాళీ సంచితో, చెమటలు తుడుచుకుంటూ. పొద్దున ఉత్తరాల లారీ ఆలస్యమైందట. అక్క వెంటనే, "పైన పాలు పెట్టాను" అని, పొయ్యి కూడా లేని పైగదిలోకి దడదడమని మెట్లెక్కేసింది.

"ఏది?" అన్నాడు ఊఁ గారు, పాదాల వంక చూస్తూ.

"బూట్లు తరవాత. కొలతల పుస్తకం తియ్యండి."

"ఊఁ?"

"నా పాదం ఏ పేజీలో ఉందో చూడాలి."

ఊఁ గారు పుస్తకం మీద రెండు చేతులూ పెట్టి, పిల్లిని దూకి పారిపోకుండా పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"దాచకండి. మొదటి రోజే చూశాను. రోజుకి వెయ్యి ఉత్తరాలు వేరుచేసేదాన్ని. తలకిందులుగా ఉన్నా, వానలో తడిసినా చిరునామా చదవగలను. నా కాలు మీ ఇంటి చిరునామా కింద వేశారు."

"పొరపాటు..."

"పెన్సిలే కదా, పొరపాటైతే చెరిపేసేవారు. చెరిపారా?"

ఆయన చెరపలేదని తల అడ్డంగా ఊపాడు.

"తప్పు చిరునామాకి పోయిన ఉత్తరాన్ని మా ఆఫీసులో ఇరవై ఒక్క రోజులు ఉంచుతాం. ఆ తరవాత తిప్పి పంపేస్తాం. ఇవాళ్టికి ఇరవై ఒకటి. పైగా ఈ ఉత్తరం ముక్కలు ముక్కలుగా వస్తోంది. మొదటి వారం 'నన్ను' అని ఆగారు. రెండో వారం 'మీరు'. మూడో వారం 'పెళ్లి'." ఆవిడ గొంతులో నవ్వు పొంగింది. "పెళ్లి బూట్లు కుడతారట! ఆ రోజు మలుపు తిరిగి ఎవరి గోడకో ఆనుకుని నవ్వాను. మంగలాయన ఉత్తరం రొట్టెల కొట్టులో వేసొచ్చాను. పదకొండేళ్లలో ఇదే మొదటిసారి."

ఊఁ గారి చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క ప్రశ్న మాత్రం ఆపుకోలేకపోయాడు.

"మరి బూటు?"

"మీ బూటు ఎవరినైనా కరుస్తుందా? కరుస్తోందనకపోతే నేనెలా రాను?"

గోడ మీద గడియారం రెండుకి నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆవిడ స్టూలు కాస్త ముందుకు జరుపుకుంది.

"ఇంకొక్క ముక్కే రావాలి. అది ఇవాళ వస్తుందా?"

ఊఁ గారు గాలి పీల్చాడు. నోరు తెరిచాడు. పొద్దుటినుంచి సుత్తికి ఇరవైసార్లు చెప్పిన మాట అది.

"చే..."

"ఊఁ, చే?"

"చే..."

"'చేసుకుంటారా', అదేనా?"

ఆయన తల కిందికి దిగి గడ్డం గుండెకి తగిలింది. మళ్లీ లేచింది, మళ్లీ దిగింది. ఆపడం మరిచిపోయినట్టు అలా ఊగుతూనే ఉంది.

అప్పుడు పైనుంచి మెట్లన్నీ ఒక్కసారే దిగుతున్నట్టు చప్పుడు. అక్క! చేతిలో రెండు పంచాంగాలు, జుట్టు ఊడిపోయి ఉంది.

"ఆగరా, అడక్కు! అడిగావా? అయ్యో, అడిగేశావా! పోయినేటి పంచాంగం చూశాన్రా. ఈ ఏడు ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులొచ్చాయి కదా, నా మతి మండా! సూర్యుడు నిన్న రాత్రి ఎనిమిదింటికే మీనం వదిలేశాడు. మేషంలో ఉన్నాడు. గంట మనదైతే ఏం, నెల మనది కాదు!" అని మెట్టు మీదే కూలబడింది.

ఊఁ గారి తల ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇరవై ఒక్క రోజుల కష్టం. మళ్లీ ఏడాది. మళ్లీ మొదటి మాట నుంచి.

పోస్టావిడ తీరిగ్గా బూటు తాడు విప్పుతూ అడిగింది.

"మేషమంటే ఏ అవయవం అన్నారు, వదినా?"

"తల" అంది అక్క ఏడుపు గొంతుతో. అన్నాక ఆగింది. "ఏమన్నావూ? వదినా?"

"ఈయన నోటితో ఆ మాట అడగనే లేదు. తలే ఊపారు. మరి నెలా కుదిరినట్టేగా?"

అక్క నోరు తెరుచుకుంది. మూసుకుంది. పంచాంగాలు రెండూ ఒళ్లోంచి జారి మెట్ల మీంచి ఒక్కొక్కటే దిగిపోయాయి. ఆవిడ లేచి పోస్టావిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

"కుదరడమేమిటే, సరిగ్గా కొలిచి కుట్టినట్టుంది! మరి నువ్వేమన్నావ్? వీడికి నువ్వేం జవాబు చెప్పావ్?"

పోస్టావిడ ఊఁ గారి వంక చూసింది.

"ఊఁ" అంది.

ఎదురుగా మంగలి కొట్టులోంచి ఎవరో ఈల వేశారు. అక్క ఒకేసారి ఏడుస్తూ నవ్వుతూ, "తోడు దొంగలు, సరైన తోడు దొంగలు" అంటూ ముక్కు ఎగబీల్చింది. వీధిలో మనుషులు గుమ్మం దగ్గరికి చేరుతున్నారు.

ఊఁ గారు వాళ్లెవరినీ చూడలేదు. పెన్సిలు చెక్కాడు. కొలతల పుస్తకం తీసి తన ఇంటి పేజీ తెరిచి, స్టూలు ముందు నేల మీద పరిచాడు. అమ్మ పాదం పక్కన ఆవిడ ఎడమ పాదం ఒంటరిగా ఉంది.

"కుడి కాలు కూడా పెట్టండి" అన్నాడు.

వెనకనుంచి అక్క వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒకే గురువారంలో, ఒకే ఊపిరిలో.