పన్నెండు లడ్డూల్లో మూడు

"చెప్పు! నువ్వులు ఎక్కడ దాచావ్?"

వేంకటరమణ స్టీలు డబ్బాను వంటగది బండ మీద దబ్బున పెట్టాడు. మూత ఎగిరిపడి నేల మీద గిర్రున తిరిగింది.

నీలమ్మ గోడకు అతుక్కుపోయింది. చేతిలో మిక్సీ జారు అలాగే ఉంది. దాన్ని కింద పెట్టాలన్న ధ్యాస కూడా లేదామెకు.

"నేనేం దాయలే సార్. మా అవ్వ మీద ఒట్టు. గీ ఇంట్ల నువ్వులు ఉండొద్దని నేనొచ్చిన రోజే చెప్పిన్రు గదా. నాకు ఎరుక లేదా?"

"ఎరుకుంటే సారు ఆక్సిజన్ మీద ఎందుకున్నారే?"

గంట క్రితం ఫిల్మ్‌నగర్‌లో పాట షూటింగు నడుస్తోంది. రెండు షాట్ల మధ్య హీరో మల్లికార్జున్ క్యారవాన్‌లో కూర్చుని ఈ డబ్బాలోంచి ఒక లడ్డూ తీసి తిన్నాడు. ఐదు నిమిషాల్లో పెదాలు ఉబ్బాయి. పది నిమిషాలకు గొంతు మూసుకుపోయింది. డ్రైవర్ రాములు ఆయన్ని భుజాన వేసుకుని కారు దగ్గరికి పరిగెత్తాడు. జూబ్లీహిల్స్ ఆసుపత్రిలో తొడకి ఇంజెక్షన్ పొడిచాక గానీ ఊపిరి దారికి రాలేదు. పాత ఫైలు తిరగేసిన డాక్టరు ఒకే మాట అన్నాడు. నువ్వులు.

ఏడేళ్ళ వయసులో ఒక నువ్వుల చిమ్మిలి ఉండ తిని చావు దాకా వెళ్ళొచ్చిన మనిషి మల్లికార్జున్. ఆనాటి నుంచి ఆయన ఉన్న ఏ ఇంటి వంటగదిలోకీ ఒక్క నువ్వుగింజ రాలేదు. ఆయన మేనేజరుగా ఆ సంగతి చూసుకోవాల్సిన బాధ్యత వేంకటరమణది. అందుకే అంతలా చెమటలు కక్కుతున్నాడు.

పాత వంటావిడ విశాలాక్షి గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. మల్లికార్జున్ బాబుకు ఏమవుతుందోనన్న భయం నిజం. ఆ భయం అడుగున ఇంకొకటి కదులుతున్నదీ నిజమే. 'పోతుంది. ఇవాళ్టితో ఈ పీడ విరగడైపోతుంది.'

పీడ అంటే నీలమ్మ.

పందొమ్మిదేళ్ళ క్రితం మల్లికార్జున్ తల్లి వెంట తెనాలి నుంచి వచ్చింది విశాలాక్షి. ఆ తల్లి కన్నుమూసినా వంటిల్లు మాత్రం విశాలాక్షి చేతిలోనే ఉంది. బాబు ఆమెను పిన్నీ అని పిలుస్తాడు. ఆమె సున్నుండ చేస్తే డబ్బా ఖాళీ అయ్యేదాకా లేచేవాడు కాదు. అలాంటిది ఆరు నెలల క్రితం జిమ్ ట్రైనర్ మాట పట్టుకుని నెయ్యి మానేశాడు, చక్కెర మానేశాడు. ఆ ట్రైనరే బోరబండ నుంచి ఈ నీలమ్మను పట్టుకొచ్చాడు.

పొయ్యి వెలిగించదు. మూకుడు పెట్టదు. ఖర్జూరాలు గోరువెచ్చని నీళ్ళలో నానేస్తుంది. బాదం, ఓట్స్, అవిసె గింజల పొడి, గుమ్మడి గింజలు, కాస్త కోకో అన్నీ కలిపి మిక్సీలో గిర్రుమనిపిస్తుంది. పిడికెడు చియా గింజలు చల్లి ఉండలు చుట్టి ఫ్రిజ్‌లో పెడుతుంది. అంతే, ఎనర్జీ లడ్డూ! దాన్ని బాబు ఫొటో తీసి లక్షల మందికి చూపించాడు. కింద 'నీలమ్మ చేతి శక్తి' అని రాశాడు. పందొమ్మిదేళ్ళలో విశాలాక్షి ఆవకాయకైనా అలాంటి భోగం పట్టలేదు. ఆమె పోపుల డబ్బా కింది అరలోకి దిగింది. పై అరలో గాజు సీసాల్లో గింజలు కొలువుతీరాయి.

ఇప్పుడు ఆ సీసాలన్నీ వేంకటరమణ న్యూస్‌పేపరు మీద గుమ్మరిస్తున్నాడు.

"ఇవి నువ్వులు కావా?"

"చియా సార్ గవి. నీళ్ళల్ల ఏస్తే సబ్జాల లెక్క ఉబ్బుతయ్. నువ్వులు ఉబ్బయి. ఏసి సూడుండ్రి కావాల్నంటే."

వేశాడు. ఉబ్బాయి. అవిసె సీసా వెతికాడు, ఓట్స్ డబ్బా జల్లెడ పట్టాడు. నువ్వుగింజ అనేది లేదు.

విశాలాక్షి గొంతు సవరించుకుంది. "సీసాలో లేనంత మాత్రాన ఏముందండీ రమణగారూ. కొట్టువాడి దగ్గరే కలిసిపోయి ఉంటుంది. గింజ గింజే కదా. ఏరుకుని చేసేవాళ్ళు చేస్తారు, తోచినట్టు చేసేవాళ్ళు చేస్తారు. నేనెందుకు ఒకరి మీద చెప్పడం."

"చెప్పకుండనే అంత చెప్పినవ్ గదా పెద్దమ్మా," అంది నీలమ్మ కన్నీళ్ళ మధ్యే.

"నిన్నెవరు పంపారు?" వేంకటరమణ గొంతు తగ్గించాడు. అరుపు కంటే అది భయంగా ఉంది. "వచ్చే నెల బాబుగారి సినిమాకి పోటీగా ఇంకోటి వస్తోంది. వాళ్ళా? నిజం చెప్తే నా దగ్గర తేలుతుంది. లేకపోతే స్టేషన్లో తేలుతుంది. ఎస్సై బయల్దేరాడు."

"మూడింటికి నా బిడ్డ ఇస్కూల్ నుంచి వస్తది సార్. జర ఆగుండ్రి, జర ఆ లడ్డూలు నన్ను సూడనియ్యుండ్రి."

నీలమ్మ మిక్సీ జారు వదిలేసి డబ్బా మీదకు వంగింది. పొద్దున పన్నెండు చుట్టింది. ఇప్పుడు పదకొండున్నాయి. ఒక్కొక్కటీ వేలితో దొర్లిస్తూ పోయింది. చటుక్కున ఆగింది.

"సార్! గీ రెండు నావి గావు."

"ఏంటీ?"

"సూడుండ్రి, మెరుస్తున్నయ్. నేను చేతికి నూనె రాయ సార్. ఖర్జూరం అంటుకోకుండ నీళ్ళతోని చెయ్యి తడుపుకుంట. నావి ఆరినంక గరుగ్గ ఉంటయ్. గివి నున్నగ, అద్దం లెక్క ఉన్నయ్. ఎవరో నూనె చేత్తోని చుట్టిన్రు."

"నీవి కాకపోతే ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? బాగుంది కథ. మా రైటర్లకి చెప్పు, కొనుక్కుంటారు."

విశాలాక్షి మెడ సాచి డబ్బాలోకి చూసింది. పదకొండింటిలో రెండు మెరుస్తున్నాయి. బాబు తిన్నది మూడోది.

ఆ మూడింటినీ చుట్టింది ఎవరో ఆమెకు తెలుసు.

ఇవాళ శనివారం. పొద్దున ఆరు గంటలు. దేవుడి గదిలో ప్రమిదల్లో నూనె పోసి, వత్తులు తడిపి, దీపం పెట్టి, సీసా చేత్తో పట్టుకునే వంటింట్లోకి వచ్చింది. నీలమ్మ డాబా మీద కొబ్బరి ఎండేయడానికి వెళ్ళింది. బండ మీద డబ్బా తెరిచి ఉంది. ఇందులో ఏముందని లోకమంతా వెర్రెత్తిపోతోంది? ఆ ఒక్క ప్రశ్న ఆరు నెలలుగా తొలుస్తోంది ఆమెను. ఒకటి విరిచి చిన్న ముక్క నోట్లో వేసుకుంది. తీపి ఉంది, వాసన లేదు. ప్రాణం లేదు. ఇంకోటి విరిచింది, ఇంకోటి విరిచింది. అన్నీ అంతే. చేయి ఊరుకోలేదు. నాలుగు ఏలకులు దంచి, చిటికెడు ఉప్పు రాల్చి, కాసిన్ని ఓట్స్ కలిపి పిసికింది. ఇప్పుడు చూడు అనుకుంది. డాబా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. గబగబా మళ్ళీ మూడు ఉండలు చేయబోతే ముద్ద అరచేతులకు అతుక్కుపోయింది. చేతులకున్న జిడ్డు చాలలేదు. సీసా వంచి నాలుగు చుక్కలు రాసుకుంది. చుట్టేసింది, సర్దేసింది, జారుకుంది.

ఆ సీసాలో ఉన్నది టోలిచౌకిలో గానుగాడించిన నువ్వుల నూనె.

పందొమ్మిదేళ్ళలో ఏనాడూ ఆమె దాన్ని నువ్వులతో కలిపి చూడలేదు. శనివారం వేంకటేశ్వరుడికి పెట్టే దీపం నూనె అది. దేవుడి గదిది. వంటింటి కాపలా అంతా వంటింటి సరుకుల మీదే.

"పెద్దమ్మా!" నీలమ్మ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు రోజూ చూస్తవ్ గదా, నేను తడిచేత్తోనే చుడ్త. సార్‌కి జర చెప్పవా? నీ కాల్మొక్త."

ఒక్క మాట. అవునంటే చాలు, ఆ రెండు లడ్డూల వెనక ఎవరని వెతుకుతారు. కాదంటే ఈ వంటిల్లు మళ్ళీ తనది.

"నాకేం తెలుసే," అని చేతులు విడిపించుకుంది విశాలాక్షి. "నా పనేదో నాది. ఒకరి చేతుల్లోకి తొంగి చూసే అలవాటు నాకు లేదు."

గేటు దగ్గర జీపు ఆగింది. వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో ఎస్సై వచ్చాడన్నాడు. నీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అదే క్షణంలో వేంకటరమణ ఫోన్ మోగింది. పేరు చూసి స్పీకర్ నొక్కాడు.

"రమణా..." గరగరలాడుతోంది మల్లికార్జున్ గొంతు. "బతికే ఉన్నా. వీళ్ళు మాట్లాడొద్దంటున్నారు, తొందరగా విను. పోలీసుల్ని పిలిచావట, టీ ఇచ్చి పంపించెయ్."

"సార్, కానీ నీలమ్మ..."

"నీలమ్మనేం అనకు. ఏ గింజలోనో కలిసుంటుంది, పొరపాటు. కావాలని చేసిన మనిషి లడ్డూ అంత బాగా చెయ్యదు." దగ్గు. "ఇవాళ్టిది వేరే లెవెల్ రమణా. ఏలకుల వాసన, ఉప్పు తగిలీ తగలనట్టు... అమ్మ ఉన్నప్పటి రుచి. పెదవి ఉబ్బుతున్నా రెండో దాని కోసం చెయ్యి పెట్టాను, నమ్ముతావా? ఆర్నెల్లలో ఇంత మంచిది చెయ్యలేదు ఆవిడ. ఒక పని చెయ్. రేపట్నుంచి వంటిల్లంతా నీలమ్మకే ఇచ్చెయ్. పిన్ని పెద్దదైపోయింది పాపం, చేతిలో మునుపటి రుచి లేదు. రెస్ట్ తీసుకోమను."

నీలమ్మ తెల్లబోయింది. "ఏలకులా? సార్, నేను..."

వేంకటరమణ ఆమె మోచేతిని పొడిచాడు. "బతికిపోయావ్. దండం పెట్టి ఊరుకో."

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. కిటికీలోంచి జీపు వైపు చూసింది. ఫోనుకు రెండు చేతులూ జోడించింది. "మీ దయ సార్. మంచిగనిపిస్తే అదే చాలు."

అదే చాలు!

విశాలాక్షి ఊరుకుంటే గండం గడిచిపోతుంది. పోలీసులు టీ తాగి వెళ్ళిపోతారు. పెద్దావిడ అని గౌరవంగా కుర్చీ వేస్తారు. వంటిల్లు పోతే పోనీ, దానికి ఆరు నెలలుగా ఏడుస్తూనే ఉంది. కానీ ఆ ఏలకులు! అమ్మ ఉన్నప్పటి రుచి! అది తీసుకెళ్ళి నీలమ్మ కొంగున కట్టడమా? మునుపటి రుచి లేదా తన చేతికి?

రెండు అడుగుల్లో బండ దగ్గరికి వచ్చింది. వేంకటరమణ చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"బాబూ, ఆ ఏలకులు ఎవరివనుకున్నావు?"

"పిన్నీ?"

"నాలుగు ఏలకులు దంచింది నేను. ఉప్పు రాల్చింది నేను. దీనికి ఏలకులంటే ఏ సీసాలో ఉంటాయో కూడా తెలియదు. ఇదేం మాయ చేస్తోందో చూద్దామని పొద్దున దొంగతనంగా మూడు లడ్డూలు విరిచాను. నోట పెట్టుకోలేకపోయాను. బాగుచేసి మళ్ళీ చుట్టాను."

వేంకటరమణ చూపు డబ్బాలో మెరుస్తున్న రెండు లడ్డూల మీద పడింది. "ఏం చేత్తో చుట్టారు విశాలాక్షిగారూ? ఏ నూనె?"

"దీపం నూనె."

"దీపానికి ఏ నూనె వాడతారు?"

నీలమ్మ నెమ్మదిగా తలెత్తి చూసింది. బయట వరండాలో బూట్ల చప్పుడు దగ్గరవుతోంది.

"నువ్వుల నూనె," అంది విశాలాక్షి. "నీలమ్మ కాదు బాబూ. నీకా లడ్డూ పెట్టింది ఈ విశాలాక్షి."