పేరు లేని జవాబు

ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమై మూడేళ్లయింది. భిలాయి సెక్టర్ 6 దగ్గరున్న ఆ చిన్న ప్రైవేటు బడికి ఆ ఏడే ఇరవై కంప్యూటర్లు వచ్చాయి. ఎనిమిదో తరగతి టీచరు ఛాయకు చాలాకాలంగా ఒకటే దిగులు. ఏం అడిగినా ఇరవైమందిలో ఆ నలుగురే లేచి చెబుతారు, మిగతావాళ్లు తలలు వంచుకు కూర్చుంటారు. అందుకని కంప్యూటర్లన్నిటినీ కలిపి, ఎవరేం రాసినా అందరి ముందూ తెరమీద పడే ఏర్పాటు చేయించింది.

"పేర్లు నాకు తప్ప ఎవరికీ కనిపించవు. మనసులో ఉన్నది రాయండి," అని పిల్లలకు మాటిచ్చింది.

ఒకరోజు "అబద్ధం చెప్పడం ఎప్పుడైనా న్యాయమేనా?" అని అడిగింది. కాదు, కాదు అని వరసగా జవాబులు పడ్డాయి. చివరికి, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన హిందీలో, ఇంకొకటి వచ్చింది.

"మా నాన్న రోజూ అన్నం డబ్బా పట్టుకుని డ్యూటీకని వెళ్తాడు. హథ్‌ఖోజ్‌లో ఆయన కార్ఖానా మూతపడి నాలుగు నెలలైంది. కూలి దొరికితే చేస్తాడు, లేకపోతే సాయంత్రందాకా పార్కులో కూర్చుంటాడు. అమ్మకు గుండెజబ్బు, అందుకే చెప్పడు. ఇది పాపమా?"

ఒక్కసారిగా కీబోర్డులమీద చేతులు కదిలాయి. ఎన్నడూ నోరు విప్పని పిల్లలు కూడా గంట కొట్టేదాకా వాదించుకున్నారు. కిటికీ పక్కన కూర్చున్న మెర్లిన్ మాత్రం తల ఎత్తలేదు. క్లాసయ్యాక ఛాయ ఆ పిల్ల భుజంమీద చెయ్యి వేస్తే, "ఎవరికీ చెప్పకండి మేడం" అంది. "చెప్పనమ్మా" అంది ఛాయ.

నెల తర్వాత తల్లిదండ్రుల సమావేశం. ఎవరి పిల్లలు ఏం రాశారో వాళ్లకు తెలియాలి కదా, పేర్లు పెట్టమన్నారు ప్రిన్సిపాల్ రామచంద్రరావు. నీటి పొదుపు గురించి క్లాసులో పెట్టిన చర్చ ఒక్కటే చూపిస్తే చాలనుకుని ఛాయ ఒప్పుకుంది. గది కిటకిటలాడిపోతోంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఏదో అడుగుతున్నారు. ఆ సందట్లో మెర్లిన్ తల్లి కుసుమ ముందుకొచ్చింది.

"మా పాప ఏటి రాసిందో నాకూ సూపించండి మేడం," అంది నవ్వుతూ.

ఛాయ మెర్లిన్ పేరుమీద నొక్కి, వెనక ఎవరో పిలిస్తే అటు తిరిగింది. ఆ పేరు కింద ఆ ఏడాది రాసినవన్నీ వస్తాయన్న సంగతి ఆమెకు ఆ క్షణాన తట్టలేదు. ఇటు తిరిగేసరికి కుసుమ తెరకు ఆనుకుని, ఒక్కో మాట కిందా వేలు పెట్టుకుంటూ చదువుతోంది. వేలు ఒకచోట ఆగిపోయింది. ఛాయ వెళ్లి తెర ఆర్పేసింది. కుసుమ ఆమెకేసి చూడలేదు. పమిట సర్దుకుని వెళ్లిపోయింది.

మూడోరోజు మెర్లిన్ తండ్రి సొలొమోను కూతుర్ని వెంటబెట్టుకుని టీసీ కోసం వచ్చాడు. బొబ్బిలిలో కుసుమ అన్నగారింటికి వెళ్లిపోతున్నారట.

"తప్పు నాదేనండీ," అంది ఛాయ.

"మా ఆడది నన్నేటీ అన్నేదు మేడం," అన్నాడు సొలొమోను నేల చూస్తూ. "డబ్బా కట్టడం మానేసినాది, అంతే. పిల్లే నాకేసి సూడ్డం నేదు. నాన్నని పట్టిచ్చేసేనని ఏడుస్తంది. దానికేటి సెప్పాలో నాకు తెల్డం నేదు."

ఛాయ మెర్లిన్ ముందు కూర్చుని చెయ్యి పట్టుకుంది. పిల్ల చెయ్యి విడిపించుకోలేదు. "ఆప్ నే బోలా థా నా మేడం, మీరే చెప్పారుగా, మీకు తప్ప ఎవరికీ కనిపించదని," అంది. తిట్టినా బాగుండేదనిపించింది ఛాయకు.

తర్వాతి సోమవారం ఆమె మళ్లీ పిల్లల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టింది. అందరూ మర్యాదగానే రాశారు. ప్రశ్నకు పుస్తకంలో ఏముందో అదే, ఒకరిది ఒకరు చూసి రాసినట్టు, పంతొమ్మిది జవాబులు. ఛాయ వాటిని ఒక్కొక్కటే పైకి చదివి, బాగున్నాయని చెప్పి, బోర్డువైపు తిరిగి నిలబడిపోయింది. పిల్లలకు ఆమె భుజాలు మాత్రమే కనిపించాయి.