పడవ డబ్బా

శుభవార్త సాయంత్రం టీ వేళకి వచ్చింది. మాదాపూర్‌లోని పడవ టీ కంపెనీకి ముంబయి సర్వేవాళ్లు మెయిల్ పంపారు. కస్టమర్లకు పడవ టీతో ఉన్న భావోద్వేగ అనుబంధం నూటికి తొంభై ఒకటట. యజమాని సీతారామాంజనేయులుగారు ఆ అంకె చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చదివారు. సరిగ్గా అప్పుడే కింద టపాకాయలు పేలాయి.

"జనానికి అప్పుడే తెలిసిపోయిందా?" అన్నారాయన ముచ్చటపడిపోతూ.

జనానికి తెలిసింది వేరే సంగతి. తెలంగాణ ఇచ్చేస్తున్నామని ఢిల్లీలో ప్రకటించారు. రోడ్డు మీద గులాల్ ఎగురుతోంది, డప్పులు మోగుతున్నాయి. రాజమండ్రి నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే వ్యాపారం చేసుకుంటున్న సీతారామాంజనేయులుగారు కిటికీ తెర లాగేసి గొంతు తగ్గించారు.

"మన బోర్డు మీద ఏం బొమ్మ ఉందమ్మా?"

"పడవ సార్," అంది సెలీనా. మార్కెటింగ్ సెక్షన్‌లో అందరికంటే కొత్తది తనే కాబట్టి తెలిసిన జవాబులు చెప్పే పని తనదే.

"గోదాట్లో పడవ! ఇంకేముంది, అయిపోయాం."

సెక్యూరిటీ కొమురయ్య లడ్డూల డబ్బా పట్టుకుని లోపలికొచ్చాడు. "సార్, జర నోరు తీపి జేస్కోండ్రి" అనే లోపే యజమాని లేచి నిలబడి "జై తెలంగాణ!" అని అరిచారు. కొమురయ్య ఉలిక్కిపడి ఒకటికి రెండు లడ్డూలు ఇచ్చి పోయాడు.

లడ్డూలు పూర్తయ్యేసరికి కంపెనీ భవిష్యత్తు తేలిపోయింది. పడవ తీసేస్తారు. దాంతోపాటు రేకు డబ్బా కూడా తీసేస్తారు, ఎలాగూ దానికి ఖర్చెక్కువ. గులాబీ రంగు సంచీలో, బతుకమ్మ బొమ్మతో, 'మన టీ' వస్తుంది.

"తొంభై ఒకటి అంటే ఏంటమ్మా? మన టీ అంటే ప్రాణం అన్నమాట. ప్రాణాన్ని సంచీలో పోసినా ప్రాణమేగా!" అన్నారు సీతారామాంజనేయులుగారు. ఆయన చేతిలో ఉన్న టీ ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్ నుంచి వచ్చింది. ఆ ఆఫీసులో అందరికీ అక్కడి నుంచే వస్తుంది. అదేమిటని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

సెలీనాకి పని అప్పజెప్పారు. కొత్త సంచీని గుండెకు హత్తుకుని మురిసిపోతున్న కస్టమర్ వీడియో ఎల్లుండి మీటింగ్‌కల్లా కావాలి. "కళ్లలో నీళ్లుంటే మరీ మంచిది. నీ ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం మీద ఆ మీటింగ్‌లోనే సంతకం పెడతాను," అని ఆయన పెన్ను జేబులోంచి తీసి చూపించి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

ఇంకొకరైతే ఆ రాత్రి నిద్రపోయేవారు కాదు. సెలీనాకి పెళ్లై మూడు నెలలే. ఈ మూడు నెలల్లో ఆమెకి సంతోషం కలిగించని వస్తువంటూ లేదు. కొండాపూర్‌లో కిరాయికి తీసుకున్న రెండు గదులు సంతోషం. వంటింటి కిటికీలోంచి కనిపించే నీళ్ల ట్యాంకరు సంతోషం. తనను దించేసి, మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూ బండి నడిపే నతానియేల్ మరీ సంతోషం. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇతరుల తప్పులు వెతకడమే ఉద్యోగమైన ఆ మనిషి ఇంట్లో మాత్రం ఒక్క తప్పు కూడా పట్టడు.

పట్టాలనుకుంటే అన్నం ఉంది. తెనాలి హాస్టళ్లలో పెరిగిన సెలీనా అన్నం వండితే జావవుతుంది. అత్తగారు మార్తమ్మ ఫోన్‌లో చెప్పిన లెక్కే పాటిస్తుంది. డబ్బెడు బియ్యానికి చెంబెడు నీళ్లు. చెంబు అత్తగారు పెళ్లికి పెట్టిందే. అయినా జావే. భోజనానికి ముందు నతానియేల్ చేసే ప్రార్థన మాత్రం రోజురోజుకీ పొడవవుతోంది. నిన్న 'ఈ ఆహారాన్ని స్వీకరించే బలం దయచేయుము' దాకా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మార్తమ్మ దిగింది. మెదక్‌లో టీచరు. ఉపాధ్యాయ సంఘంవాళ్ల విజయోత్సవ ర్యాలీ కోసం బస్సెక్కి వచ్చింది. నుదుట గులాల్‌తోనే కోడల్ని కౌగిలించుకుని, "ఏం పిల్లా, మా రాష్ట్రం మాకొచ్చింది. నీకు పాస్‌పోర్ట్ గిట్ల తీయాల్నా ఏంది ఇగ?" అంది.

"మీ అబ్బాయిని కట్టుకున్నప్పుడే వీసా వచ్చేసింది అత్తయ్యా," అంది సెలీనా.

మార్తమ్మ పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చి, సెలీనా సంచీ వీడియో సంగతి చెప్పింది. ఆఫీసులో దొరకని కస్టమర్ ఇంట్లోనే ఉంది మరి.

"మీరు మా టీ కొంటారు కదా అత్తయ్యా?"

"ఎప్పటిసంది కొంటున్న! పోయిన నెల ఎవరో పిల్ల ఫోన్ జేసి అడిగింది గద. పడవ టీ లేకుంటె ఎట్లుంటదండీ అని. ఇల్లు ఆగిపోతది బిడ్డా అని చెప్పిన. రాసుకున్నదట."

తొంభై ఒకటిలో అత్తగారు కూడా ఉన్నారని తెలిసి సెలీనా ఉప్పొంగిపోయింది. నతానియేల్ ఆమె ఫోన్ పట్టుకుని వీడియో తీయసాగాడు. ఆఫీసువాళ్లు రాత్రికి రాత్రే అచ్చు వేయించి పంపిన గులాబీ సంచీని మార్తమ్మ చేతిలోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, నలిపింది.

"చాయ్ అయిపోయినంక గీ సంచితోని ఏం జేస్తరు?"

"పారేస్తారు అత్తయ్యా."

"మరి బియ్యం దేంతోని కొలుస్తరు?"

పొయ్యి మీది అన్నం గుర్తొచ్చి సెలీనా లోపలికి పరిగెత్తింది. వంటింట్లో అప్పటికే అన్నం ఉడికి, ఉడికిన హద్దు కూడా దాటిపోయింది. మార్తమ్మ మూత తీసి చూసింది.

"దేంతోని కొలిసినవ్ బిడ్డా?"

సెలీనా ప్లాస్టిక్ డబ్బా చూపించింది. పెళ్లికి ఎవరో ఇచ్చిన నీలం రంగుది, అత్తగారి పిడికిలంత ఉంది.

"అయ్యో నా తల్లీ!" మార్తమ్మ నెత్తి కొట్టుకుంది. "డబ్బా అంటె పడవ డబ్బా. మా దిక్కు ఆడపిల్ల కాపురానికి పోతుంటె చెంబు, పడవ డబ్బా జత పెట్టి పంపుతరు. నీకు చెంబొక్కటె పెట్టిన. కోడలు పడవ కంపెనీలనే జేస్తది, ఇంటి నిండ డబ్బాలే ఉంటయి గద అనుకున్న!"

కంపెనీలో డబ్బాలున్న మాట నిజమే. అద్దాల బీరువాలో వరసగా ఉన్నాయి. పెన్నులు పెట్టుకోవడానికి బల్లకొకటి ఉంది. ఇంటికి తీసుకుపోయినవాళ్లు లేరు, ఎందుకంటే అందులో టీ ఉంటుంది.

మార్తమ్మ తన బ్యాగులోంచి ఒక డబ్బా తీసింది. అంచు నున్నగా అరిగిపోయింది, పడవ బొమ్మకు తెరచాప ఒక్కటే మిగిలింది. కొడుకు ఫోన్‌లో అన్నం గురించి చాడీ చెప్పాడని, అందుకే తెచ్చానని చెప్పేసింది. నతానియేల్ ఫోన్ వెనకాల మొహం దాచుకున్నాడు.

"దొంగా! ప్రార్థన దేవుడికి, ఫిర్యాదు అమ్మకా?" అంది సెలీనా.

"నీ మీద ప్రేమతోనే చెప్పిన. ఆకలి గూడ ఉండె," అన్నాడు నతానియేల్.

"ఇంతకీ మా టీ ఎలా ఉంటుంది అత్తయ్యా?" అడిగింది సెలీనా.

"రంగు మంచిగుంటది," అంది మార్తమ్మ జాలిగా. "మేం తాగం బిడ్డా. పనామెకు ఇస్త, బడిల పంచుత. డబ్బా ఉంచుకుంట." ఆ తర్వాత తన ఫోన్‌లో ఫొటో చూపించింది. సమ్మె రోజుల్లో నడిరోడ్డు మీద వంటా వార్పు, రాళ్ల పొయ్యిలు, ఆవిర్లు కక్కుతున్న గుండిగెలు. జెండా కింద మార్తమ్మ నిలబడి బియ్యం కొలుస్తోంది. చేతిలో పడవ డబ్బా. పక్కనున్న టీచర్ల చేతుల్లో కూడా అవే. సీతారామాంజనేయులుగారిని వణికిస్తున్న గోదావరి పడవ, ఆయనకి చెప్పకుండా ఉద్యమంలో తిరిగొచ్చింది.

"నీ నౌకరి కోసమైతె చెప్పు పిల్లా, సంచిని ఏంది, గ్యాస్ బండను గూడ కౌగిలించుకుంట," అంది మార్తమ్మ. అన్నట్టే సంచీని గుండెకు హత్తుకుంది. అప్పటిదాకా ఉల్లిపాయలు తరిగిందేమో, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. యజమాని కోరిన వీడియో అచ్చుగుద్దినట్టు కుదిరింది.

తర్వాత పడవ డబ్బాతో కొలిచి మళ్లీ అన్నం వండారు. మెతుకు మెతుక్కీ అంటకుండా మల్లెపూలు పోసినట్టు వచ్చింది. నతానియేల్ ప్రార్థన రెండు మాటల్లో ముగిసింది. పెళ్లైన ఇన్నాళ్లకి తన ఇంట్లో అన్నం అన్నంలా కనిపించేసరికి సెలీనా పళ్లెం ముందు కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

మీటింగ్‌లో ఆమె ఫోన్లో రెండు వీడియోలున్నాయి. సంచీని హత్తుకున్నదానికి ఉద్యోగం గ్యారంటీ. యజమాని పెన్ను మూత తీసి సిద్ధంగా కూర్చున్నారు. సెలీనా వేలు ఆ వీడియో మీదే ఆగింది. అన్నం గుర్తొచ్చింది. రెండోది నొక్కింది.

తెర మీద మార్తమ్మ "మరి బియ్యం దేంతోని కొలుస్తరు?" అని అడిగింది. "మేం తాగం బిడ్డా" దగ్గర సీతారామాంజనేయులుగారు పెన్నుకు మూత పెట్టేశారు.

"ఇదేనా నేను తెమ్మన్నది?"

"కాదు సార్. వాళ్లకి అనుబంధం ఉన్నమాట నిజమే. కానీ అది డబ్బాతో. అది తీసేస్తే మనకి మిగిలేది టీ ఒక్కటే సార్," అంది సెలీనా.

టీ ఒక్కటే మిగలడమంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. ఇరానీ చాయ్ కప్పులు మెల్లగా బల్ల కిందికి దిగాయి.

సెలీనా అత్తగారి దగ్గర తీసుకున్న వంటా వార్పు ఫొటో పెట్టింది. సీతారామాంజనేయులుగారు లేచి తెర దగ్గరకెళ్లి, జెండా కింద తన పడవను వేలితో తడిమారు. ఆయన మొహంలో మూడు రోజుల భయం దిగిపోయి, దాని స్థానంలో దూరదృష్టి వచ్చి కూర్చుంది.

"నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను, డబ్బాని ముట్టుకోకూడదని," అన్నారాయన. కాదన్నవాళ్లు లేరు. కాగితం మీద సంతకం పెడుతూ, "ఈ ఫొటో పెద్దది చేయించి గేటు దగ్గర కట్టించండి. సంచీలు... వాటిలో ఏదో ఒకటి పోసి పంచిపెట్టండి," అన్నారు.

తర్వాత కొమురయ్యని పైకి పిలిపించి అందరి ముందూ ప్రకటించారు. "రేపు మధ్యాహ్నం కింద పార్కింగ్‌లో మనదీ వంటా వార్పు. రాళ్లు, కట్టెలు కొమురయ్య చూస్తాడు. ఆఫీసంతా అక్కడే తినాలి. బియ్యం పడవ డబ్బాతో కొలవాలి. అన్నం మన సెలీనా వండుతుంది."

సెలీనా ఒక చేత్తో కాగితం పట్టుకుని, ఇంకో చేత్తో గబగబా ఫోన్ చేసింది.

"అత్తయ్యా, రేపు మెదక్ బస్సు ఎక్కకండి. చెంబు పట్టుకుని మా ఆఫీసుకి రండి."