ముత్తాత ఆఖరి పేజీ

ఆ విశ్వవిద్యాలయంలో పురుగుల శాఖ మూడో అంతస్తులో ఉండేది. వరండా చివర రీసెర్చి గది. కొత్తగా అందులో అడుగుపెట్టినవాళ్ళు ముందుగా అడిగేది, ఇక్కడంతా చుట్టాలేనా అని. చుట్టాలు కారు. కాని వరసల పట్టింపు మాత్రం పెళ్ళివారింట్లో కూడా అంత ఉండదు. చేరి ఎన్నేళ్ళయిందో చూసి పిలుపు. మొదటి ఏడాది వాళ్ళు మునిమనవలు, మునిమనవరాళ్ళు. నాలుగో ఏడు వచ్చేసరికి బాబాయో పిన్నో అవుతారు. ఆరో ఏట తాత, నాయనమ్మ. ఆ పైన ఇంకో మెట్టు ఉంది గాని, దాన్ని ఎక్కి కూర్చున్నవాడు ఒక్కడే. తొమ్మిదో ఏడు నడుస్తున్న ముత్తాత.

ముత్తాతకి నిండా ముప్ఫై అయిదు లేవు. అయినా ఆయన దగ్గితే గదిలో ఫ్యాను కూడా వేగం తగ్గించేదని చెప్పుకుంటారు. కిటికీ పక్క కుర్చీ ఆయనది. నాలుగు చక్రాలూ తిరిగే కుర్చీ ఆ గదికంతటికీ అదొక్కటే. టీ కాచుకునే కెటిల్ బీరువాలో ఉంటే, బీరువా తాళం ఆయన జేబులో ఉండేది. పొద్దున పదకొండుకీ సాయంత్రం నాలుక్కీ ఆయన లేచి తాళం తీసేదాకా ఎంత దాహమైనా గుటకలు మింగాల్సిందే. ఇక తలుపు పక్కన ఒక స్టూలు ఉంది. దానికి కాళ్ళు నాలుగే గాని నాలుగోది నేలకి ఆనదు. మొదటి ఏడాది వాళ్ళ సింహాసనం అది. కప్పులు కడిగే హక్కు కూడా దానితోబాటే సంక్రమిస్తుంది.

ముత్తాత పరిశోధన చీమల మీద. బారులో ముందు పోయే చీమ ఆగిపోతే వెనక చీమలు ఏం చేస్తాయన్నది విషయం. ఆయన మొదలుపెట్టిననాడు డబ్బాలో ఉన్న చీమల మునిమనవలకి మునిమనవలు ఇప్పుడు ఆయన దగ్గర కొలువు చేస్తున్నాయి. వాటిలో కాస్త తెలివైనవి, ఈయన్ని నమ్ముకుంటే లాభం లేదని, థీసిస్ తామే రాసుకుని వేరే శాఖలో ఉద్యోగాలకి వెళ్ళిపోయాయని బాబాయ్ ప్రచారం. బాబాయ్ అంటే నాలుగో ఏడువాడు, పేడపురుగుల మీద పనిచేసేవాడు. అతని మాటకి పావలా నిజం, ముప్పావలా ఉప్పూకారం.

చిక్కంతా నాయనమ్మకి వచ్చిపడింది. ఆ పిల్లకి ఇరవై తొమ్మిదేళ్ళు. కందిరీగ మట్టిగూడు ఎక్కడ కడుతుంది, అక్కడే ఎందుకు కడుతుంది అని ఆరేళ్ళు చూరులన్నీ వెతికి, రెండు వందల పది పేజీలు రాసి, రెండు నెలల కిందటే ముగించింది. ఆ కాగితాల కట్టని నీలం సంచిలో పెట్టుకుని, బడిపిల్ల పలక మోసినట్టు రోజూ తెచ్చి, రోజూ తీసుకుపోయేది. ఇంట్లో వాళ్ళమ్మ కుట్టుమిషను మీద బట్టలు కుడుతుంది. "ఈ ఆరేళ్ళలో నేను ఆరువేల చొక్కాలు కుట్టానే. నువ్వు ఒక్క పుస్తకం కుట్టించలేకపోయావు," అని సాయంత్రం గడప దగ్గరే అందుకునేది.

కుట్టించడానికి అడ్డం గైడుగారి నియమం. ఆయన ఒకసారికి ఒక్క థీసిసే చదువుతాడు. అదీ చేరిన వరసలోనే. ముందు పెద్దవాళ్ళది ముగియాలి, తర్వాతే చిన్నవాళ్ళది. ఈ నియమం ఊరికే పుట్టలేదు. వెనకటికి ఆయన రెండు థీసిసులు కలిపి చదివి, నత్తల మీద రాసినవాణ్ణి మిడతల రెక్కల గురించి గంటన్నర నిలదీశాడట. పాపం వాడు హడలిపోయి, నత్తకి రెక్కలున్న మాట నిజమేనని, చిన్నప్పుడు ఒకటి ఎగరగా చూశానని కూడా ఒప్పుకున్నాడట. అప్పటినించి ఆయన బల్ల మీద ఒక్క కట్టే ఉంటుంది. మూడేళ్ళుగా ఆ కట్ట ముత్తాతది. అన్ని అధ్యాయాలూ ఉన్నాయి, చివరి పేజీ తప్ప. ఆ పేజీ ఎప్పుడంటే ముత్తాత "రేపు" అంటాడు.

సోమవారంనాడు నాయనమ్మకి ఒక ఉత్తరం వచ్చింది. దూరంగా ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం ఇచ్చారు. అయితే థీసిస్ సమర్పించినట్టు శనివారం మధ్యాహ్నం పన్నెండులోగా రసీదు తీసుకోవాలి. లేదంటే ఉద్యోగం జాబితాలో తర్వాతివాళ్ళకి పోతుంది. ఆమె ఉత్తరం పట్టుకుని గైడుగారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, నత్త రెక్కల కథ మొదటినించీ చెప్పి పంపేశాడు.

మంగళవారం ఆమె ముత్తాత కుర్చీ దగ్గరికి ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది. ఒక్క పేజీ కదా, చెప్పండి, నేను రాసిపెడతానంది. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. చీమల డబ్బాకేసి చూశాడు. చివరికి, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, ఈ గదిలో నేను ఎవర్ని?"

"ముత్తాత."

"ఆ పేజీ ఇచ్చిన మర్నాడు ఎవర్ని? డాక్టర్లలో పసిగుడ్డుని. పక్కగదిలో డాక్టర్ల బల్ల చూశావుగా. ఆఖరి కుర్చీ కూడా ఇవ్వరు. గోడకి ఆనుకుని నిలబడమంటారు. ఇక్కడ కెటిల్ తాళం నా చేతిలో ఉంది. అక్కడ టీ పోస్తారో లేదో కూడా తెలీదు."

నాయనమ్మకి కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే ఆ మాట అబద్ధం కాదు. ఆమె మాత్రం కప్పులు కడిగిన ఏడాది మరిచిపోయిందా? కాని జాలిపడితే శనివారం ఆగదు. ఆ సాయంత్రం ఆమె బాబాయ్‌ని వరండా చివరికి తీసుకెళ్ళి చాలాసేపు మాట్లాడింది. తిరిగొచ్చేటప్పుడు బాబాయ్ మొహం దొంగిలించిన మామిడికాయ మింగినట్టుంది.

బుధవారం పదకొండింటికి టీ దగ్గర నాయనమ్మ నెమ్మదిగా మాట కదిపింది. బండిలో పోయేవాళ్ళలో పెద్దవాడెవడు, ఎక్కిన ఊరు దూరమైనవాడా, దిగే ఊరు దగ్గరపడ్డవాడా? దిగేవాడేనని బాబాయ్ అందుకున్నాడు. సామాన్లు సర్దుకుని తలుపు దగ్గరికి వచ్చేది వాడే, అందరూ దారి ఇచ్చేది వాడికే అన్నాడు. మరైతే మనం ఇన్నాళ్ళూ వరస తలకిందులుగా లెక్కపెడుతున్నట్టే కదా, గడిచిన ఏళ్ళు కాదు, మిగిలిన ఏళ్ళు చూడాలి కదా అని నాయనమ్మ బుగ్గన వేలేసుకుంది. నల్లబల్ల మీద ఎవరి ముగింపు తేదీ వాళ్ళు రాశారు. నాయనమ్మది ఎప్పుడో అయిపోయింది. బాబాయ్‌కి ఏడాదిన్నర. మునిమనవరాలు, అంటే పురుగుల్ని తినే తొండల మీద పనిచెయ్యడానికి కిందటి నెలే చేరిన తొండల పిల్ల, నాలుగేళ్ళని నిజాయితీగా రాసింది. ముత్తాత వెళ్ళి గుండ్రటి అక్షరాలతో "రేపు" అని రాశాడు.

బాబాయ్ లెక్కలోకి దిగాడు. ఈ గదిలో ఇప్పటిదాకా వెయ్యిన్నీ చిల్లర రేపులు ఖర్చయ్యాయి. ఇంకా ఎన్ని మిగిలాయో ఎవరికీ తెలియదు. తెలియనిది నాలుగేళ్ళకన్నా ఎక్కువ కిందే లెక్క. కాబట్టి అందరికన్నా చిన్నవాడు ముత్తాత.

ఆయన నోరు తెరిచాడు. కాని వరస అంటే వరసేనని, దాన్ని ప్రశ్నించినవాడికి టీ లేదని తొమ్మిదేళ్ళుగా చెబుతూ వచ్చినవాడు ఆయనే. లెక్కలో తప్పు పట్టడానికి రెండుసార్లు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. దొరకలేదు. జేబులోంచి తాళం తీసి నాయనమ్మ చేతిలో పెట్టి, పదవి దిగిపోయిన రాజులా నడిచి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. స్టూలు పక్కకి ఒరిగింది.

ఆ తర్వాత ఒకటిన్నర రోజు ఆ గదిలో జరిగిన వింత ఇంకెక్కడా జరిగి ఉండదు. తొండల పిల్లకి ఆయన్ని ఏమని పిలవాలో పాలుపోలేదు. తనకన్నా చిన్నవాడు, తనకన్నా పెద్దవాడు. చివరికి "బాబుగారూ, కప్పులు..." అని సగంలో ఆపి, తనే ఒక కప్పు తుడవబోయింది. ఆయన ఆమె చేతిలోంచి కప్పు లాక్కుని, వరస తప్పకూడదని మందలించి మరీ కడిగాడు. కడగడం కూడా పరిశోధనే ఆయనకి. ఒక్కో కప్పుకి పావుగంట పట్టేది. నాలుక్కి మొదలుపెట్టిన టీ ఆరింటికి అందింది. బాబాయ్ ఆయన బుగ్గ గిల్లబోయాడు గాని, ఎంత కాదన్నా తొమ్మిదేళ్ళ చూపు అది, చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

నాలుగు చక్రాల కుర్చీలో నాయనమ్మ హాయిగా కూర్చోలేకపోయింది. గోడ గడియారం చూసుకుంటూ ముందుకీ వెనక్కీ దొర్లేది. గురువారం మధ్యాహ్నమైనా స్టూలు మీది మనిషి కలం పట్టలేదు. ఇది అవమానమని ఎవరైనా ఆయనకి చెబితే బాగుండుననిపించేంత తృప్తిగా సబ్బు నురగ చూస్తున్నాడు. పథకం బెడిసికొట్టిందనీ, ఈయన స్టూలుకి కూడా అలవాటు పడిపోతాడనీ ఆమెకి భయం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడు గైడుగారు తలుపులో నిలబడ్డాడు. కళ్ళజోడు బల్ల మీద మరిచి వచ్చాడు. స్టూలు మీద కప్పు పట్టుకున్న ఆకారం కనిపించింది. ఇరవై ఏళ్ళుగా ఆ స్టూలు మీద కూర్చునేది కొత్తవాళ్ళే.

"ఈ ఏడు చేరావా, బాబూ?" అన్నాడు ఆప్యాయంగా భుజం తట్టి. "ఏ పురుగైనా తీసుకో. చీమల జోలికి మాత్రం పోకు. ఆ దారిలో ఒకడు అడ్డంగా నిలబడిపోయాడు. వాడి వెనక అందరూ ఆగిపోయారు. మంచివాడే పాపం, కదలడు."

అని వచ్చిన పని మరిచి వెళ్ళిపోయాడు.

గదిలో ఎవరూ నవ్వలేదు. బాబాయ్ కూడా నవ్వలేదంటే చూడండి. ముత్తాత కప్పుని బోర్లించి, చెయ్యి తుడుచుకుని, తొండల పిల్లని ఒక తెల్లకాగితం అడిగాడు. స్టూలు మీదే కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని రాశాడు. స్టూలు ఊగినప్పుడల్లా అక్షరం ఒరిగేది. నలభై నిమిషాల్లో అయిపోయింది. కాగితం తెచ్చి నాయనమ్మకి ఇచ్చాడు.

ముందు చీమ ఆగితే వెనక చీమలు కొంతసేపు గౌరవంగా ఆగుతాయి, తర్వాత దాని మీదుగా ఎక్కి పోతాయి, ఆ ముందు చీమకి దెబ్బేమీ తగలదు, కాసేపటికి లేచి బారు చివర చేరి నడుస్తుంది. అంతే, ముగింపు.

"ఇది తెలుసుకోవడానికి తొమ్మిదేళ్ళా?" అంది నాయనమ్మ.

"తెలుసుకోవడానికి రెండేళ్ళే. తక్కిన ఏడూ ఒప్పుకోవడానికి."

శుక్రవారం పొద్దున గైడుగారు ఆ పేజీని నిలబడే చదివాడు. తక్కినది ఆయన మూడేళ్ళలో నాలుగుసార్లు చదివి ఉన్నాడు. సంతకం పెట్టి, అక్షరాలు ఒరిగాయేమని మాత్రం అడిగాడు. బల్ల ఖాళీ అయింది. నీలం సంచి దాని మీదికి ఎక్కింది. ఆ రోజంతా ఆయన గది తలుపు వేసుకుని కూర్చున్నాడు. శనివారం పదకొండు దాటాక నాయనమ్మని పిలిచాడు.

"కందిరీగలు బారులో నిలబడవు కదా?"

"నిలబడవండీ. దేని గూడు దానిదే."

"బతికించాయి," అని సంతకం పెట్టాడు.

మూడంతస్తులూ దిగి, ఆఫీసు కిటికీలో చెయ్యి దూర్చి, ఆమె రసీదు పట్టుకునేసరికి పన్నెండుకి ఆరు నిమిషాలు. కిటికీ అవతలి గుమాస్తా అప్పటికే టిఫిను డబ్బా మూత తీసి ఉన్నాడు. రసీదు మీద కాస్త నూనె మరక పడింది. ముద్రకన్నా అదే స్పష్టంగా ఉందని వాళ్ళమ్మ తర్వాత అంది.

పైకి వచ్చేసరికి ముత్తాత గదిలో నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ మిగిలిన ఏళ్ళు సున్నా. కిటికీ పక్క కుర్చీ ఎవరిదన్నది తేలలేదు. మర్యాదకి ముందు మీరంటే ముందు నువ్వనుకుంటూ తిరిగి చూస్తే, బాబాయ్ అప్పటికే అందులో కూర్చుని కాళ్ళు చాపి, తాళం వేలికి తిప్పుతున్నాడు. దిగిపోయేవాళ్ళకి సీటెందుకన్నాడు.

మరుసటి సోమవారం నాయనమ్మ కొత్త కాలేజీలో చేరింది. అధ్యాపకుల గదిలో పన్నెండు కుర్చీలు, పన్నెండు మందీ కూర్చుని ఉన్నారు. తలుపు పక్కన ఒక స్టూలు చూపించారు. దానికి కూడా నాలుగో కాలు నేలకి ఆనలేదు. స్టూళ్ళు చేసే వడ్రంగి లోకమంతటికీ ఒక్కడే కాబోలు. వారం రోజులు ఆమె దాని మీద ఊగుతూ, సాయంత్రం పన్నెండు కప్పులూ కడిగింది. మనసులో ముత్తాతకి పన్నెండు దణ్ణాలు పెట్టుకుంది. పక్కగదిలో టీ పోస్తారో లేదోనని ఆయన అంత భయపడ్డాడు. ఇక్కడ పోస్తారు. ఆఖర్న పోస్తారు.

ఎనిమిదో రోజున, ఆమె నురగ చేతులతో ఉండగా, తలుపులో ఎవరో దగ్గారు. పైన ఫ్యాను కాస్త నెమ్మదించినట్టే అనిపించింది. చంకలో ఒక డబ్బా, దానికి గాలాడే చిల్లులు, నియామకపు కాగితం చేత్తో పట్టుకుని, అదే కాలేజీలో ఖాళీగా ఉన్న రెండో ఉద్యోగం సంపాదించుకున్న ముత్తాత. గదిలోని పన్నెండు మందినీ, పన్నెండు కుర్చీలనీ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మా నాయనమ్మా," అన్నాడు మెల్లిగా, "ఇక్కడ వరస దేన్నిబట్టి?"

"చేరిన రోజుని బట్టి," అంది నాయనమ్మ. కడుగుతున్న కప్పు ఆయన చేతిలో పెట్టి, స్టూలుని కొంగుతో తుడిచి, "కూర్చోండి, బాబుగారూ. ఎడమవైపు ఒరక్కండి," అంది.