మెట్ల కింద శవం

హత్య సీను తీసే రోజు శవంగా పడుకోవాల్సిన నటి రాలేదు. ఇంకో సినిమాలో బతికున్న పాత్ర దొరికిందని కబురు పంపింది. దర్శకుడు అటూ ఇటూ చూసి, దుస్తులు కుడుతున్న సొంత చెల్లెల్నే పిలిచాడు. ముఖం కనపడదని, కదలకుండా ఉంటే చాలని చెప్పాడు.

అన్న మొదటి సినిమా కదా, సరేనంది. ఉన్నది ఒక్క పెద్ద లైటు, అరువు తెచ్చిన కెమెరా, మూతపడ్డ ప్రెస్సు భవనం. కిటికీ బయట గొట్టంతో నీళ్లు కొడితే అదే వాన. బొమ్మ నలుపు తెలుపు కాబట్టి నెత్తురుకి కాఫీ పొడి కలిపిన పాకం సరిపోయింది.

అన్న ఒక వానకోటు ఇచ్చి తొడుక్కోమన్నాడు. అది వాళ్ల అక్కది. ఇంట్లో ఊరికే పడుంది కదా అన్నాడు. ఆమె తొడుక్కుంది.

అక్క అత్తవారింట మెట్ల మీంచి పడి చనిపోయింది. పడలేదు, బావ తోశాడు. కళ్లారా చూసిన పక్కింటావిడ కోర్టులో ఏమీ చూడలేదంది. బావ చేతులు దులుపుకుని బయటికొచ్చాడు. వాడి బండారం నలుగురిలో పెడతానని అన్న ఆనాడు కోర్టు వరండాలోనే మాటిచ్చాడు. ఈ సినిమా అందుకేననుకుంది చెల్లెలు. కథ ఎలా రాశావని ఏనాడూ అడగలేదు.

మెట్ల కింద బోర్లా పడుకుంది. పాకానికి చీమలు చెవిదాకా వచ్చినా ఊపిరి బిగబట్టింది. డిటెక్టివ్ వేషం కట్టిన ముసలి నాటకాల నటుడు సిగరెట్టు వెలిగించి, సంకెళ్లతో నిలబడ్డ భర్త పాత్ర భుజం తట్టాడు.

"నీ తప్పేం లేదయ్యా. ఇలాంటి ఆడది ఎవడి చేతిలోనైనా ఇలాగే చస్తుంది."

శవం లేచి కూర్చుంది.

"ఇలాంటి అంటే ఎలాంటిది అన్నయ్యా?"

ఆవిడకి ఇంకొకడితో సంబంధం ఉంటుందని, అది లేకపోతే కథలో మలుపే లేదని, భర్త మీద జాలి పుట్టకపోతే జనం కుర్చీల్లో కూర్చోరని అన్న చెప్పుకొచ్చాడు. అయినా ఇది అక్క కథ కాదని గొణిగాడు.

"కాకపోతే ఈ మెట్లెందుకు? ఈ కోటెందుకు?" చెంప మీది పాకం తుడిచి అతని చొక్కాకి రాసింది. "బావ ఒక్కసారే చంపాడు. నువ్వు ఆటకోసారి చంపుతావు."

అన్న ఆమెను బయటికి పొమ్మని, ఇంకెవరినైనా పడుకోబెట్టమని కెమెరామన్‌కి చెప్పాడు. ఆమె ఆ కోటుతోనే మండుటెండలో ఇంటికి నడిచింది. దారిన పోయేవాళ్లు తలకంటిన నల్లటి మరక చూసి పక్కకి తప్పుకున్నారు.

ఆమె వెళ్లాక ముసలాయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడట. ఆ మాట తన నోట రాదన్నాడట. అప్పటికే సగం సినిమా ఆయన మీదే తీశారు, ఆయన్ని మార్చే దారి లేదు. అన్న పళ్లు నూరుతూ సంబంధం సీన్లన్నీ కత్తిరించేశాడు. చివర్లో డిటెక్టివ్ భర్తని కాలరు పట్టుకుని ఈడ్చుకుపోతాడు.

సినిమా ఆడింది. ముగింపు అద్భుతమని పత్రికలు రాశాయి. మొదటి నుంచీ తన ఆలోచన అదేనని అన్న చెప్పుకున్నాడు. అది చెల్లెలు చదివింది. అన్న ఇంటికొస్తే తలుపు తీయలేదు.

ఇక చాలించమని అమ్మ బతిమాలింది. "కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందే."

"అక్క కూడా నీ కడుపునే పుట్టింది కదమ్మా."

అమ్మ మళ్లీ ఆ ఊసెత్తలేదు. చెల్లెలూ తలుపు గడియ తీయలేదు.