పెట్టెలోంచి వచ్చిన పిల్ల

మ్యాట్నీ మొదలయ్యాక సినిమా హాలు గేటు దగ్గర అక్కకి పెద్దగా పనుండదు. టిక్కెట్లు చింపిన చేత్తోనే స్టవ్ మీద టీ పడేస్తుంది. అంతలో తెర మీద ఇంద్రజాలికుడు పిల్లని పెట్టెలో పెట్టి, మూత వేసి, మళ్లీ తీస్తాడు. లోపల ఎవరూ ఉండరు. హాలంతా చప్పట్లు. అవి ఆగేలోపే ఆ పిల్ల మెరుపుల గౌనుతో తెర వెనకనుంచి నడిచొచ్చి అక్క పక్కన మెట్టు మీద కూర్చుంటుంది. మళ్లీ కనపడేదాకా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా! మేనేజరు ఎదురుపడితే, "ఏమ్మా, బావున్నావా?" అని పలకరించి పోతాడు.

ఆఖరి సీనులో ఆ పిల్ల గాజుతొట్టెలో మునిగి చచ్చిపోతుంది. ప్రతి ఆటకీ అంతే. తర్వాతి ఆటకి లేచి, తడి జుట్టుతో వస్తుంది. జ్వరంతో కూతురు పోయాక ఇంట్లో పలకరించే దిక్కులేని అక్క, ఆ జుట్టు తుడుస్తూ కబుర్లు చెప్పేది.

ఆ రోజు పిల్ల టీ ముట్టుకోలేదు.

"భయమేస్తోందక్కా. ఇదివరకు వేసేది కాదు. నీ దగ్గర కూర్చోవడం అలవాటయ్యాకే..."

"అంతమంది ముందు చస్తుంటే ఒక్కరైనా అయ్యో అనరేంటే?"

"నన్ను చూస్తేగా! సరిగ్గా అప్పుడే ఇంద్రజాలికుడు గుండెలు బాదుకుంటాడు. అందరి చూపూ అటే. గారడీలోనూ అంతేగా, ఈ చెయ్యి ఆడిస్తూ ఆ చేత్తో దాచేస్తారు."

"అయితే ఈ కథ రాసినవాడూ గారడీవాడే. ఇంద్రజాలికుడి ఏడుపు చూపించి నిన్ను దాచేశాడు."

లోపల ఆఖరి సీను బ్యాండు మోగింది. లేవబోయిన పిల్లని అక్క భుజం పట్టి కూర్చోబెట్టింది.

"ఆ గౌను ఇటివ్వు."

"వద్దక్కా! ఒకసారి వెళ్తే ఇక ప్రతి ఆటకీ నువ్వే మునగాలి."

"మునుగుతా. తొట్టెలో ఒక మనిషి ఉంటే చాలు వాళ్లకి. ఎవరన్నది ఎవడు చూస్తున్నాడు గనక?"

టిక్కెట్ల గదిలో ఇద్దరూ బట్టలు మార్చుకున్నారు, అక్క ఖాకీ చొక్కా పిల్లకి, పిల్ల గౌను అక్కకి. నడుం దగ్గర గౌను పిగిలింది. అక్క తెర వెనక్కి నడిచింది.

ఇంద్రజాలికుడు ఆమె ముఖం వైపైనా చూడకుండా సంకెళ్లు బిగించాడు. నీళ్లు చల్లగా మెడ దాకా వచ్చాయి, తర్వాత నెత్తి మీదికి. అద్దం అవతల హాలు మసకమసకగా కనిపించింది. అతను గుండెలు బాదుకున్నాడు. తలలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు, అతని కోసం.

వెనక తలుపు దగ్గర, వదులుగా వేలాడే ఖాకీ చొక్కాలో, ఒక్క మనిషి మాత్రం నిలబడి తొట్టెకేసే చూస్తోంది. ఊపిరి ఆగేదాకా అక్క ఆ చూపుని వదల్లేదు.