గంగవ్వ గల్లీ

గంగవ్వను మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడు, పొద్దున మున్సిపాలిటీ సఫాయివాళ్ల హాజరు దగ్గర చెత్త ట్రాక్టర్ నడిపే నర్సన్న ఒకే మాట అడిగాడు.

"దీవెనను ఎప్పటిసంది రమ్మంటవ్ సార్?"

సూపర్‌వైజర్ నరేందర్ ఒక్కొక్కరి మొహానికి ఫోన్ పట్టి హాజరు వేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఏ దీవెన?"

"గంగవ్వ బిడ్డ. తల్లి జాగల బిడ్డను పెట్టుకుంటరు గద. మొదటిసంది గదే నడుస్తున్నది."

"గా జాగ ఇంక లేదు నర్సన్నా. ఏజెన్సోళ్లు తీసేసిండ్రు." నరేందర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఆమె మంచాన పడి ఎన్ని నెలలాయె? నాకు తెల్వదనుకున్నరా? నీ ట్రాక్టర్ మీద అచ్చి, మొహం సూపెట్టి, ఇంటికి పోతుండె. గల్లీ జూస్తె అద్దం లెక్క ఉండె. మనిషి లేకున్నా పని అయితున్నప్పుడు ఇంక మనిషెందుకని పైనోళ్లు అడిగిండ్రు. నేనేం జెప్పాలె?"

నర్సన్నకు మామూలుగానే మాటలు తక్కువ. గంగవ్వ బదులు ఊడ్చి ఆ గల్లీని అద్దంలా ఉంచింది తోటి పనివాళ్లే. ఒకరినొకరు అట్లా ఆదుకోవడం కోసమే వాళ్ల సంఘం పుట్టింది.

జువ్వాపూర్ కోరుట్లకు, మెట్‌పల్లికి నడుమ తొవ్వ మీద పెరిగిన ఊరు. ఈమధ్యనే పట్నమైంది. అక్కడ సంఘం పెట్టింది గంగవ్వే. ఆమె ఎవరింటికీ రసీదు పుస్తకం పట్టుకుని పోలేదు. పనిలోకి కొత్త మనిషి వస్తే, గంగవ్వ తన గల్లీ తొందరగా ముగించుకుని, ఆ మనిషి గల్లీకి అటు కొస నుంచి ఊడ్చుకుంటూ వచ్చేది. ఇటు నుంచి కొత్త మనిషి. ఇద్దరూ నడుమ కలిసేవాళ్లు. ఏ ఇంటి అరుగు మీదనో కూలబడి గంగవ్వ కొంగు ముడిలోంచి తంబాకు డబ్బీ తీసేది. పిల్లల ముచ్చట, అత్త ముచ్చట, నడుము నొప్పి ముచ్చట అన్నీ అయ్యాక లేచి పోబోతూ అనేది:

"నాకు శాతగానినాడు నా గల్లీకి నువ్వు రావాలె. నీకు శాతగానినాడు నేనస్త. గంతే."

అవతలి మనిషి తల ఊపితే సంఘంలో కలిసినట్టే. సంతకాలు ఎప్పుడో తర్వాత.

"సంఘం గింఘం నాకద్దు అక్కా, నా మొగడు తంతడు" అని ప్రేమలత మొదట్లో బెదిరింది.

"తన్నినోడు రేపు నీ గల్లీ ఊడుస్తడా?" అంది గంగవ్వ.

ప్రేమలత నవ్వింది, నవ్వి చేరింది. ఊరంతా అయ్యాక గంగవ్వ బస్సెక్కింది. ఆదివారం వస్తే మెట్‌పల్లి, చందుర్తి, సిరిసిల్ల. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ల గల్లీల్లో సగం ఊడ్చి వచ్చేది. జగిత్యాలలో సభ పెట్టినప్పుడు మైకు ముందు ఆమె నోరు పెగల్లేదు. "అందరు మంచిగున్నరా" అని దిగింది. చప్పట్లు ఆగలేదు. ఆ జనంలో సగం మంది ఏదో ఒక తెల్లారుజామున గల్లీ నడుమ ఆమెను కలిసినవాళ్లే.

ఏళ్ల తరబడి మింగిన దుమ్ము ఆమె ఊపిరిని పట్టుకున్నప్పుడు, ఎవరూ వంతులు వేసుకోలేదు. ఎవరికి ముందు తీరితే వాళ్లు పోయి ఆమె గల్లీ ఊడ్చారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. ఆ నిలబెట్టుకున్న మాటే ఇప్పుడు ఆమె బిడ్డ కొలువును మింగింది.

నర్సన్న ట్రాక్టర్‌ను గంగవ్వ గల్లీ మొదట్లో ఆపాడు. నిన్న ఆమెను తీసుకుపోయిన తొవ్వ అదే. బంతిపూల రెక్కలు, పేలాలు, గులాలు గల్లీ పొడవునా పడి ఉన్నాయి. శ్మశానానికి ఊళ్లో ఎవరిని తీసుకుపోయినా ఆ గల్లీ నుంచే పోవాలి. అందరి మీద చల్లిన పూలూ ఇన్నేళ్లు గంగవ్వే ఎత్తింది.

ప్రేమలత కొంగు నడుముకు చుట్టి పొరకతో నిలబడి ఉంది. ఆమె వెనక మిగతా ఆడవాళ్లు.

"ఎత్తుదామా అన్నా?"

నర్సన్న పూలకేసి చూసి తల అడ్డంగా ఊపాడు.

"అద్దు."

"ఏందీ?"

"ఊరంత ఊడుద్దాం. గిదొక్కటి ఇడుద్దాం. ఎవలు ఊడుస్తె శుభ్రంగున్నదో జనానికి ఎర్కైతది. దీవెనను పనిల పెట్టుకున్నంక ఎత్తుదాం."

"అక్క పూలు అక్క గల్లీలనే కుళ్లాల్నా?" ప్రేమలత గొంతు లేచింది. "గా మాట నీ నోట్లెకెళ్లి ఎట్లచ్చిందే అన్నా? శాతగానినాడు అస్తమని ఆమెకు మాటియ్యలేదా?"

"గా మాటతోటే పిల్ల పొట్ట కొట్టినం" అన్నాడు నర్సన్న.

ప్రేమలత వంగి, తన కాళ్ల దగ్గరి పూరెక్క ఒకటి తీసి కొంగున కట్టుకుని వెనక్కి తిరిగింది.

"పిల్లకు జెప్పకుండ్రి" అన్నాడు నర్సన్న. "ఆశ పెట్టి, రేపు దక్కకపోతె ఎట్ల?"

ఊరంతా శుభ్రంగా ఉంది. గంగవ్వ గల్లీ రోజురోజుకూ చెడిపోతూ వచ్చింది. కవర్లు, కోడి ఈకలు, హోటల్ వాళ్ల ఎంగిలి విస్తర్లు. పందులు దిగాయి. పూరెక్కలు నల్లబడి మురుగు మోరీ అంచుకు అతుక్కున్నాయి. నర్సన్న ట్రాక్టర్ ఆ గల్లీ ముందు ఆగకుండా పోయేది. దీవెన బీడీల చేట ఒడిలో పెట్టుకుని ఆ గల్లీలోనే తమ ఇంటి అరుగు మీద కనబడేది. ఒకనాడు ఆమె లేచి బండికి అడ్డం వచ్చింది.

"మామా, మా గల్లీకే ఎందుకు అస్తలేరు?"

"అస్తం బిడ్డా."

"అవ్వ ఉన్నన్నాళ్లే మీకు మేం మనుషులమా మామా?"

నర్సన్న ఆ మాటకు గేరు వేశాడు. వేసింది తప్పు గేరు. బండి కీచుమంది.

గల్లీవాళ్లు నరేందర్‌ను నిలబడనివ్వలేదు, కూర్చోనివ్వలేదు. ఒక సాయంత్రం అతనే ఫోన్ చేశాడు.

"నీ లొల్లి గెలిసింది తియ్యి నర్సన్నా. పొద్దుగాల మున్సిపాలిటీ పెద్దసారును తీస్కస్త. గల్లీ గతి కండ్లార జూస్తె జాగ మల్ల ఇస్తమన్నరు. పిల్లను ఆధార్ కార్డు పట్టుకొని తయారుండుమను."

నర్సన్న చెప్పులు వేసుకుని దీవెన ఇంటికి బయలుదేరాడు. సగం దూరం పోయి ఆగాడు. పెద్దసారు నోటితోనే విననీ అనుకున్నాడు. అప్పుడు ఆ పిల్ల మొహం ఎట్లా వెలుగుతుందో మనసులో చూసుకుంటూ ఇంటికి తిరిగి వచ్చాడు.

తెల్లారి గల్లీ మలుపు తిరగకముందే పొరక చప్పుడు వినబడింది. రెండు పొట్టి ఊడ్పులు, ఒక పొడుగుది. ఆ తీరు ఊళ్లో ఒక్క గంగవ్వదే. నర్సన్న ఇంజన్ ఆపి దిగాడు.

దీవెన తల్లి పాత కొంగు గుడ్డ తలకు చుట్టుకుని అవతలి కొసన ఉంది. గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా కడిగినట్టుంది. పూరెక్కలు మాత్రం గోడవారన విడిగా కుప్ప పోసి ఉన్నాయి.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"కనవడ్తలేదా మామా?"

"ఎవలు జెప్పిండ్రు?"

"ఎవలు జెప్పాలె? నిన్న కిరాణపామె నలుగుట్ల అంటున్నది, 'గంగవ్వ సచ్చుకుంట గల్లీని గూడ సంపి పోయింది' అని. మా అవ్వ ఇన్నేండ్లు ఊడ్సి, సచ్చినంక తిట్లు తినాల్నా? మీరు మరిసిండ్రు. నేను మరువలే."

నర్సన్న నోరు తెరిచేలోగా జీపు వచ్చింది. ముందు నరేందర్ దిగాడు, దిగి అక్కడే ఆగిపోయాడు. పెద్దసారు దిగి అటూ ఇటూ చూశాడు.

"ఇదేనా నువ్వు చెప్పిన గల్లీ? బాగానే ఉంది కదయ్యా."

"సార్, గీ పిల్ల ఊడ్సింది" అన్నాడు నర్సన్న. "గంగవ్వ బిడ్డ. ఇన్ని దినాలు గిట్ల లేకుండె సార్..."

"వెరీ గుడ్. ఎవరూ జీతమివ్వకుండానే ఊడుస్తోంది. అందరూ ఇట్లా ఉంటే మనకు మనుషులతో పనేముంది?" పెద్దసారు ఫోన్ తీశాడు. "అమ్మా, ఆ చీపురు కొంచెం పైకి పట్టుకో."

దీవెన సిగ్గుపడింది. తల గుడ్డ సర్దుకుని పొరక పైకెత్తి పట్టింది. తల్లి పోయాక ఆమె నవ్వడం నర్సన్న అప్పుడే చూశాడు.

జీపు ఎక్కబోతూ నరేందర్ అతని పక్కన ఆగాడు. "ఒక్క పూట ఆగకపోతిరి" అని గొణిగి పోయాడు.

"ఎవలు మామా గాయన? అవ్వ ఎర్కనా ఆయినకు?" అని అడిగింది దీవెన.

నర్సన్న గల్లీ నడుమ ఉన్న అరుగు మీద కూర్చున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పాడు. ఎందుకు ఊడ్వలేదో, నిన్న ఫోన్‌లో ఏం విన్నాడో, సగం తొవ్వ దాకా వచ్చి ఎందుకు వెనక్కి పోయాడో. బతుకులో ఒక్కసారిగా అన్ని మాటలు అతను ఎన్నడూ మాట్లాడలేదు. దీవెన పొరక ఈనెలు ఒక్కొక్కటి సర్దుతూ విన్నది.

"నిన్ననే జెప్తె అయిపోతుండె గద మామా" అంది చివరికి. అరవలేదు, ఏడవలేదు.

గంగవ్వ మాట నర్సన్న నాలుక మీది దాకా వచ్చింది. నాకు శాతగానినాడు నా గల్లీకి నువ్వు రావాలె. ఆ మాట చెప్పాలంటే అవతలి మనిషికీ ఒక గల్లీ ఉండాలి. ఇన్ని ఊళ్ల దాకా పెరిగిన సంఘంలో గంగవ్వ బిడ్డకు చోటు లేదు.

అతను లేచి, గోడవారనున్న పూల కుప్పను పారతో కాక చేతులతో ఎత్తి ట్రాక్టర్‌లో వేశాడు. దీవెన తన చేతిలోని పొరకను వాటి పక్కన పెట్టింది.

"అవ్వది. ఉంచుకో బిడ్డా."

"ఏం జేసుకోను మామా? కొత్తగ ఎవలన్న అస్తె ఇయ్యిండ్రి."

ఆమె ఇంట్లోకి పోయి బీడీల చేట తెచ్చుకుంది. తాను ఊడ్చిన గల్లీకి ఎదురుగా కూర్చుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.